పేరు కలిసింది... సరుకు పంపాలా, ఆపాలా?

ప్రశ్న: విశాఖపట్నం నుంచి రొయ్యలు ఎగుమతి చేస్తున్నాం. దుబాయ్ కంపెనీ ఒకటి కొత్తగా ఆర్డరిచ్చింది. ఇంటర్నెట్‌లో దొరికే ఆంక్షల జాబితాల్లో వెతికితే, వాళ్ల డైరెక్టర్ పేరు అమెరికా జాబితాలో కనిపించింది. ఒప్పందం రద్దు చేసుకోవచ్చా? తోటి ఎగుమతిదారుల వాట్సాప్ గ్రూపులో హెచ్చరించవచ్చా?

జవాబు: గ్రూపులో మాత్రం పెట్టకండి. పేరు కలిసినంత మాత్రాన మనిషి కలిసినట్టు కాదు. ఒకే అరబిక్ పేరును ఇంగ్లిషులో నాలుగైదు రకాలుగా రాస్తారు. ఆయన వేరే మనిషని తేలితే, భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువునష్టం కేసు మీ మెడకు చుట్టుకుంటుంది.

ముందు సరిపోల్చండి. అమెరికా ఆర్థిక శాఖ విభాగమైన ఓఫాక్ జాబితాలో చాలామందికి పుట్టిన తేదీ, జాతీయత, పాస్‌పోర్ట్ నంబరు కూడా ఉంటాయి. కొనుగోలుదారు నుంచి ట్రేడ్ లైసెన్స్, డైరెక్టర్ పాస్‌పోర్ట్ కాపీ, అసలు యజమానుల వాటాల వివరాలు రాతపూర్వకంగా అడగండి. వాటాలే కీలకం. జాబితాలోని వాళ్లకు అందరికీ కలిపి 50 శాతం, అంతకు మించి వాటా ఉంటే, కంపెనీ పేరు జాబితాలో లేకపోయినా ఆంక్షలు వర్తిస్తాయి. ఆయన కేవలం డైరెక్టరైతే కంపెనీ మొత్తం నిషేధంలోకి రాదు, కానీ ఒప్పందం మీద ఆయన సంతకం ఉంటే చిక్కే. ఓడనూ చూడండి: పేరు మారుస్తారు, ఓడ గుర్తింపు కోసం ఇచ్చే ఏడంకెల ఐఎంఓ నంబరు మారదు.

వెతికింది ఎక్కడన్నదీ ముఖ్యమే. పలు దేశాల ఆంక్షల జాబితాలను ఒకచోట చేర్చే ఓపెన్‌శాంక్షన్స్ వంటి సంకలనాలు వాణిజ్యేతర వాడకానికే ఉచితం, వ్యాపారానికి లైసెన్సు తీసుకోవాలి. ఐక్యరాజ్యసమితి, ఓఫాక్ అసలు జాబితాలు ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ఫలితాన్ని తేదీతో సహా ప్రింటు తీసి దాచండి, జాబితాలు మారుతుంటాయి.

ఇక చట్టం. మన దేశంలో కట్టుబడాల్సింది భద్రతా మండలి ఆంక్షలకు, మన ప్రభుత్వ ఉత్తర్వులకు. చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం (యూఏపీఏ) 51ఎ సెక్షన్ కింద ఆస్తులు స్తంభింపజేసే అధికారం కేంద్రానికి ఉంది. ఆ జాబితాల్లోని మనిషే అని తేలితే చర్చే లేదు: సరుకు ఆపి, వెంటనే బ్యాంకుకు చెప్పండి. అమెరికా జాబితా ఇక్కడ చట్టం కాదు. 2025 జులైలో ఐరోపా సమాఖ్య మన దేశంలోని చమురు శుద్ధి కంపెనీ నయారా ఎనర్జీపై ఆంక్షలు పెట్టినప్పుడు కూడా, ఏకపక్ష ఆంక్షలను భారత్ అంగీకరించదని విదేశాంగ శాఖ చెప్పింది. కానీ మీకు రావాల్సింది డాలర్లు. అవి అమెరికా బ్యాంకుల గుండా రావాలి, మధ్యలోనే ఆగిపోవచ్చు. 'మరో కరెన్సీలో తీసుకోండి' అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, అప్పుడు అమెరికా మీ కంపెనీనే జాబితాలో చేర్చే ప్రమాదం ఉంది.

రద్దు సంగతికొస్తే, ఒప్పందంలో ఆంక్షల క్లాజు ఉందేమో చూడండి. ఉంటే దాని ప్రకారం నడవండి. లేకుండా, ఒప్పందానికి భారత చట్టమే వర్తించేట్టయితే, విదేశీ జాబితా ఒక్కటే చూపి కాంట్రాక్టు చట్టం 56వ సెక్షన్ (అమలు అసాధ్యమైన ఒప్పందం చెల్లదనే నిబంధన) కింద బయటపడటం కష్టం. తొందరపడి తెంచుకుంటే 73వ సెక్షన్ కింద నష్టపరిహారం అడుగుతారు. అందుకే ముందు వివరాలు కోరుతూ, గడువు పెట్టి నోటీసివ్వండి. కంటైనర్ పోర్టుకు చేరకముందే ఆ నోటీసు వెళ్లాలి. గడువు దాటినా జవాబు రాకపోతే మొత్తం ఫైలు తీసుకుని మీ లాయరు దగ్గరకు వెళ్లండి, రద్దు నోటీసు అప్పుడు రాయించవచ్చు.