కెనడా పీఆర్‌తో (శాశ్వత నివాస హోదాతో) ఆగిపోవాలా, సిటిజన్‌షిప్ తీసుకోవాలా? నాన్నగారి పొలం సంగతేంటి?

సిటిజన్‌షిప్ తీసుకుంటే ఊళ్లో పొలం దక్కదేమోనని, తీసుకోకపోతే అమ్మానాన్నల దగ్గర రెండేళ్లు ఉండి రావడం కుదరదేమోనని అడిగారు. మొదటి భయం అనవసరం, రెండోది మీ రోజుల లెక్కను బట్టి నిజం కావచ్చు.

సాగుభూమి కొనకూడదన్న ఫెమా (విదేశీ మారక చట్టం) నిబంధన ఓసీఐలకే (విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చే కార్డు ఉన్నవారికే) కాదు, ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ఎన్నారైలకూ ఉంది. కాబట్టి పీఆర్‌తో ఆగిపోయినా ఈ విషయంలో కలిసొచ్చేదేమీ లేదు. నాన్నగారి తర్వాత వారసత్వంగా వచ్చే పొలం మాత్రం ఎలా ఉన్నా వస్తుంది. చాలామంది దెబ్బతినేది గిఫ్ట్ డీడ్ దగ్గర. ఇల్లు, ఇళ్ల స్థలం అమ్మానాన్నల నుంచి అలా తీసుకోవచ్చు, సాగుభూమి కుదరదు. రిజిస్ట్రేషన్ అయిపోయినంత మాత్రాన ఫెమా ఒప్పుకున్నట్టు కాదు. నాన్నగారి చేత వీలునామా రాయించి రిజిస్టర్ చేయించండి.

ఇక రోజుల లెక్క. పీఆర్ నిలవాలంటే 5 ఏళ్లలో 730 రోజులు కెనడాలో ఉండాలి. కార్డు గడువు తీరినంత మాత్రాన హోదా పోదు. కానీ ఇండియాలో ఉండగా తీరిందంటే విమానం ఎక్కనివ్వరు. పీఆర్ ట్రావెల్ డాక్యుమెంట్‌కి అప్లై చేయాలి, అక్కడ ఆ 730 తేలాలి. సిటిజన్‌కి ఈ బెడద లేదు.

సిటిజన్‌షిప్‌కి అప్లై చేసే ముందు 5 ఏళ్లలో 1,095 రోజులు ఉండాలి. పీఆర్ రాకముందు స్టడీ, వర్క్ పర్మిట్ మీద గడిపిన రోజుకి అర రోజు, గరిష్ఠంగా 365 రోజుల దాకా కలుస్తుంది. సరిగ్గా 1,095 నిండగానే వేసేయకండి. కార్లో అమెరికా వెళ్లొచ్చిన వీకెండ్లు మర్చిపోయి లెక్క తప్పేవాళ్లే ఎక్కువ. నెల రోజులైనా అదనంగా ఉంచుకోండి.

మీ ఇద్దరిలో ఒకరే సిటిజన్ అయినా పని జరుగుతుంది. సిటిజన్ అయిన భార్యతోనో భర్తతోనో కలిసి విదేశంలో ఉన్న రోజులు రెండోవారి 730లో కలుస్తాయి. అయితే ఇద్దరూ కలిసే వెళ్లండి. పీఆర్ ఉన్నవారు ముందు వెళ్లి సిటిజన్ తర్వాత చేరితే, ఎవరు ఎవరి వెంట వెళ్లారని ఆఫీసరు అడగొచ్చు. ఒకే ఇంట్లో ఉన్నట్టు అద్దె కాగితాలు దాచుకోండి.

కెనడా సిటిజన్‌గా ప్రమాణం చేసిన రోజే భారత పౌరసత్వం పోతుంది. ఆ తర్వాత పాత పాస్‌పోర్టుతో ప్రయాణం చేయకూడదు. దాన్ని సరెండర్ చేసి, ఆ సర్టిఫికెట్‌తో ఓసీఐకి వేయాలి. అది చేతికి వచ్చేలోపు ఇండియా వెళ్లాల్సి వస్తే వీసా తప్పదు, అందుకే టికెట్లు కొనేశాక ప్రమాణం తేదీ పడితే ఇరుక్కుంటారు.