టెస్టు ముందు, కోడు తరువాత: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి శ్రీకాంత్‌కు ఆశీస్సులు.

నెల్లూరులో రొయ్యల కొనుగోలుదారుల కోసం మీరు తయారుచేస్తున్న లెక్కల సాఫ్ట్‌వేర్‌కు ఇకపై టెస్టులు (కోడు సరైన జవాబు ఇస్తోందో లేదో చూసే చిన్న ప్రోగ్రాములు) కోడు కన్నా ముందు రాయించాలని ఉందని, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని అడిగావు.

పాత కోడు జోలికి ఇప్పుడే పోవద్దు. ఏళ్లుగా పేరుకున్నదానికంతటికీ టెస్టులు రాయిస్తానంటే నెల తిరక్కుండానే కుర్రవాళ్లకు విసుగు, యజమానికి అనుమానం పుడతాయి. కొత్తగా వచ్చే పనులకూ, బయటపడే బగ్‌లకూ మాత్రమే ఈ నియమం పెట్టుకో. పాత భాగాన్ని మార్చక తప్పనప్పుడు, అది నేడు ఏ అంకె ఇస్తోందో ఆ అంకెనే, తప్పయినా సరే, ముందు టెస్టుగా రాసిపెట్టుకొని ఆపైన చెయ్యి పెట్టండి.

మీ పనిలోనిదే చూడు. కిలోకు నలభై రొయ్యలు తూగితే 40 కౌంట్. కౌంట్ తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది. పట్టికలో 40కీ 50కీ ధరలున్నాయి, పట్టుబడి నాడు 43 కౌంట్ వచ్చింది. రైతుకు ఏ ధర కట్టాలి? కోడు ముందు రాసేవాడు తనకు తోచిన ధర వేసి సాగిపోతాడు; రైతు చీటీ పట్టుకొని నిలదీసినప్పుడు గాని ఆ సంగతి బయటపడదు. టెస్టు ముందు రాసేవాడికి ‘43 కౌంట్, 500 కిలోలు, రావలసిన సొమ్ము ఇంత’ అని రాయబోయేసరికి చెయ్యి ఆగిపోతుంది. ఆ ‘ఇంత’ ఎంతో కొనుగోలుదారుకు ఫోన్ చేసి అడిగితే గాని తెలియదు. ఈ పద్ధతిలో నేను అన్నిటికన్నా విలువ ఇచ్చేది దీనికే. బగ్‌లు తగ్గడం ఆ తరువాతి మాట.

జవాబు వచ్చాక టెస్టు రాసి, అది ఫెయిల్ కావడం కళ్లతో చూసి, పాస్ కావడానికి సరిపడా కోడు మాత్రమే రాయాలి. ఆ తరువాత రీఫ్యాక్టరింగ్, అంటే ఫలితం మారకుండా కోడును చక్కదిద్దడం. కెంట్ బెక్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే సాఫ్ట్‌వేర్ తయారీ విధానంలో భాగంగా దీన్ని ప్రచారంలోకి తెచ్చిన నాటి నుంచీ జనం ఎగ్గొట్టేది ఈ మూడో మెట్టునే. ధర లెక్కను డేటాబేస్‌తో ముడిపెట్టకుండా విడిగా ఉంచితే టెస్టులన్నీ క్షణాల్లో ముగుస్తాయి. నిమిషాలు పడితే ఎవరూ వాటిని నడపరు. తెరల రంగులకూ, అమరికకూ ఈ శ్రమ అక్కరలేదు.

యజమానికి ఖర్చు దాచవద్దు. మైక్రోసాఫ్ట్, ఐబీఎంలలో ఈ పద్ధతిని వాడిన నాలుగు బృందాలపై 2008లో వెలువడిన అధ్యయనంలో విడుదలకు ముందరి లోపాల సాంద్రత 40 నుంచి 90 శాతం వరకు తగ్గింది. తొలి అభివృద్ధి సమయం మాత్రం 15 నుంచి 35 శాతం పెరిగిందని ఆ బృందాలే అంచనా వేశాయి. నాలుగు బృందాల అనుభవమే కనుక మీకూ అంతే జరుగుతుందని మాట ఇవ్వకు గాని, గడువులు ఒప్పుకునేటప్పుడు ఆ అదనపు సమయాన్ని ముందే కలుపుకో. కవరేజ్ శాతాన్ని, అంటే కోడులో ఎంత భాగం టెస్టుల్లో నడిచిందో చూపే అంకెను, ఎవరి ఇంక్రిమెంట్‌కూ ముడిపెట్టకు. పెడితే దేన్నీ పరీక్షించని టెస్టులు పుట్టుకొస్తాయి.

దీన్ని నమ్మని సీనియర్‌తో వాదన పెట్టుకోక, తరువాతి బగ్‌ను ఆయన పక్కన కూర్చొని ఇదే తీరున సరిచెయ్యి. వచ్చే నెల ఒంగోలు వచ్చేటప్పుడు లాప్‌టాప్ తెచ్చుకో, కౌంట్ ధరల టెస్టులు చూస్తాను.

ఇట్లు,
నీ మామయ్య