పండుగల యాప్‌ను వదిలేయాలా?

ప్రశ్న: పర్లాకిమిడిలో బీసీఏ చివరి సంవత్సరం చదువుతున్నాను. తెలుగు, ఒడియా పండుగలు చూపే ఆండ్రాయిడ్ యాప్ తయారుచేశాను. వాటిని వాడేవారి గూగుల్ క్యాలెండర్‌లో చేర్చాలనుకుని, లాగిన్, అనుమతుల దగ్గర ఆగిపోయాను. దీన్ని వదిలేసి షాపింగ్ యాప్ చేయమని మిత్రులు అంటున్నారు. ఉద్యోగానికి ఏది మేలు?

జవాబు: వదలవద్దు. షాపింగ్ యాప్ నమూనాలు ప్రతి కళాశాల నుంచీ వస్తాయి కాబట్టి ఇంటర్వ్యూలో వాటి గురించి లోతుగా అడగడానికి పెద్దగా ఏమీ మిగలదు; మరొక సంస్థ సేవతో మీ యాప్‌ను కలిపిన అనుభవం గురించి మాత్రం అరగంటైనా అడగవచ్చు.

ముందుగా సులువైన దారి చూడండి. పండుగ పేరు, తేదీ నింపి ఫోన్‌లోని క్యాలెండర్‌ను తెరిపించే ఇంటెంట్‌కు (ఒక యాప్ మరో యాప్‌ను పని అడిగే ఆండ్రాయిడ్ సందేశం) ప్రత్యేక అనుమతి అవసరం లేదు. సేవ్ నొక్కేది వాడేవారే. అది పనిచేశాక ఓఆత్ 2.0కు, అంటే పాస్‌వర్డ్ తీసుకోకుండానే వాడేవారి ఖాతాలో పనిచేసేందుకు అనుమతి పొందే పద్ధతికి రండి. అక్కడ మొత్తం క్యాలెండర్‌పై హక్కు కోరకుండా, మీ యాప్ తాను సృష్టించిన క్యాలెండర్‌లోనే రాసుకునే పరిమిత అనుమతిని అడగండి. గూగుల్‌లో నమోదుచేసిన మీ ప్రాజెక్టు టెస్టింగ్ (పరీక్ష) స్థితిలో ఉన్నంతకాలం 100 మంది టెస్ట్ యూజర్లకు మించి చేర్చలేరు, వారిచ్చిన అనుమతి 7 రోజులకే ముగుస్తుంది. వారం తిరిగేసరికి లాగిన్ మళ్లీ అడిగితే కోడ్‌లో లేని తప్పును వెతుక్కోవద్దు.

అసలు చిక్కు పండుగలదే. ఏటా పునరావృతం కావాలనే నియమం గ్రెగోరియన్ తేదీని పట్టుకుని నడుస్తుంది, ఉగాదేమో 2025లో మార్చి 30, 2026లో మార్చి 19; కనుక ఏ ఏటికాయేడు తేదీ విడిగా రాయాలి. పైగా కృష్ణాష్టమి మనకు శ్రావణ బహుళంలో, ఒడియా పంజికలో (పంచాంగంలో) భాద్రవ కృష్ణపక్షంలో ఉంటుంది. తిథి ఒకటే అయినా మాసం పేరుతో పోల్చితే ఒకే పండుగ రెండుసార్లు చేరుతుంది. ప్రతి పండుగకూ సంవత్సరంతో కలిపి స్థిరమైన గుర్తింపు కోడ్‌ను మీరే ఇస్తే, అదే క్యాలెండర్‌లో రెండోసారి చేర్చబోయినప్పుడు గూగుల్ తిరస్కరిస్తుంది. రోజంతా ఉండే పండుగకు సమయం లేకుండా తేదీ మాత్రమే ఇచ్చి, ముగింపుగా మరుసటి రోజును రాయండి. అర్ధరాత్రి యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అని రాస్తే మన ఫోన్లలో అది ఉదయం 5:30కు మొదలవుతుంది.

రెజ్యూమేలో 'గూగుల్ క్యాలెండర్ జోడించాను' అని ఒక్క ముక్కతో సరిపెట్టకుండా, ఏ అనుమతిని ఎందుకు ఎంచుకున్నారో, పండుగ రెండుసార్లు చేరకుండా ఎలా ఆపారో రాయండి. భువనేశ్వర్‌కైనా విశాఖపట్నానికైనా దరఖాస్తు చేసేటప్పుడు మీ కోడ్ ఉంచిన గిట్‌హబ్ సైటు లింకు జతచేయండి. అయితే ఒకసారి అందులోకి ఎక్కిన సీక్రెట్ కీ (మీ యాప్‌ను గూగుల్ గుర్తించే రహస్య కోడ్), ఫైలు తొలగించినా పాత కమిట్లలో (భద్రపరిచిన పాత మార్పుల్లో) మిగిలే ఉంటుంది కాబట్టి, దాన్ని రద్దుచేసి కొత్తది తీసుకున్నాకే లింకు పంపండి.