ఇంట్లో కూర్చుంటే ప్రమోషన్ వస్తుందా?

ప్రశ్న: అక్కా, హనుమకొండలో ఇంటి నుంచే హైదరాబాద్ కంపెనీకి పనిచేస్తున్నా. పని బాగానే సాగుతోంది. ప్రమోషన్లు మాత్రం ఆఫీసుకెళ్లేవాళ్లకే ఇస్తారేమోనని టెన్షన్.
– ఒక పాఠకురాలు, నయీంనగర్

జవాబు: నీ భయం ఉత్తదేం కాదు చెల్లీ. చైనాలోని సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీ కాల్‌సెంటర్‌లో ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం తొమ్మిది నెలలు గమనిస్తే, ఇంటి నుంచి చేసినవాళ్ల పని 13 శాతం పెరిగింది. అంత చేసినా, పనితో పోల్చి చూస్తే వాళ్లకు ప్రమోషన్లు తక్కువే. తర్వాత అదే కంపెనీలో వారానికి రెండు రోజులే ఇంటి నుంచి చేయించారు. 2024లో ఆ ఫలితాలొచ్చాయి: ప్రమోషన్లకు నష్టం లేదు, రాజీనామాలు మూడో వంతు తగ్గాయి.

అందుకే అప్పుడప్పుడూ కాజీపేటలో రైలెక్కు. మేనేజర్ ఎదుట కూర్చుని ప్రమోషన్ మాట నువ్వే ఎత్తు. ఇక ‘ఇంట్లోనే ఉన్నావు కదా’ అంటూ మీటింగ్ మధ్యలో పని చెప్పేవాళ్లుంటే తలుపేసుకో. మేనేజర్‌తో మాట్లాడటం కన్నా అదే కష్టం, తెలుసు.