ఆ ప్రకటనలో ‘మనం’ లేదు

చెల్లెమ్మకు,

కాలేజీ ప్రకటనల మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి నీ కోపంతో పాటు నేనూ పరుగెత్తాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని, ప్రకటనల్లోంచి నువ్వు ఎత్తి రాసిన మాటల కింద గీతలు గీద్దామని కూర్చున్నాను. నాలుగు పేజీల్లో మూడే దొరికాయి. ‘విద్యా వ్యాపారం’ అన్న మాట మాత్రం పదకొండు చోట్ల ఉంది.

ఇరవై ఏళ్ల కిందట నేనూ అచ్చం ఇలాంటి వ్యాసమే రాశాను. అచ్చయిన వారానికి ఒక తండ్రి దగ్గర్నుంచి పోస్టు కార్డు వచ్చింది. ‘అన్నీ అబద్ధాలే అంటున్నారు, సరే. మా అమ్మాయిని ఎక్కడ చేర్చమంటారు?’ అని. నా దగ్గర జవాబు లేదు. నా వ్యాసం చదివాక కూడా ఆయన ఒక బ్రోచర్‌ని ముందుకంటే బాగా చదవలేడు. ఆ సంగతి నన్ను చాలాకాలం బాధపెట్టింది. అందుకే నీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

నీ కోపాన్ని ఉంచుకో. కానీ ప్రకటన ముందు కూర్చున్నప్పుడు ముందు వ్యాకరణం చూడు. కర్త ఎవరు? ఎవరితో మాట్లాడుతున్నారు? ఏ మాట ఏ మాటకి అతుక్కుని ఉంది?

నార్మన్ ఫెయిర్‌క్లఫ్ చేసింది ఇదే. మాటల వెనక అధికారం ఎలా పనిచేస్తుందో విప్పి చూసే క్రిటికల్ డిస్కోర్స్ అనాలిసిస్ అనే పద్ధతికి గట్టి పునాది వేసినవాళ్లలో ఆయన ఒకడు. ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవాడు. 1993లో రాసిన ఒక వ్యాసంలో తన యూనివర్సిటీ ప్రాస్పెక్టస్‌లనే బల్ల మీద పరిచాడు. 1967-68 నాటి దానిలో విద్యార్థిని ‘మీరు’ అని పలకరించడమే లేదు. కోర్సు ఇది, నియమం ఇది అని ఎడంగా నిలబడి చెబుతుంది. 1990ల నాటికి ‘మీరు’, ‘మేము’ అంటూ దగ్గరికొచ్చి మాట్లాడుతుంది, ఆకట్టుకోవాలని చూస్తుంది. నియమాలు చెప్పే గొంతు వెనక్కి తగ్గింది. చదువుకోడానికి వచ్చేవాడు కొనుక్కోడానికి వచ్చేవాడుగా ఎప్పుడు మారాడో ఆయన సర్వనామాల్లో పట్టుకున్నాడు. పక్కవాళ్ల సంస్థని కాకుండా తను జీతం తీసుకునే చోటుని పరీక్షకి పెట్టాడు చూడు, అది నాకు ఆ వ్యాసంలో అన్నిటికంటే నచ్చిన విషయం.

మన తెలుగులోనూ ఇదే కథ నడిచింది. పాత నోటిఫికేషన్లు తీసి చూడు. ‘అర్హులైన అభ్యర్థుల నుండి దరఖాస్తులు కోరడమైనది.’ ఎవరు కోరారో ఉండదు. ‘అడ్మిషన్లు జరుగుచున్నవి’ అన్న బోర్డు చూసే ఉంటావు. వాన కురిసినట్టు వాటంతట అవే జరిగిపోతుంటాయి. ఇప్పటి హోర్డింగు అలా కాదు. ‘మీ కలలకు రెక్కలు’ అంటుంది, ‘మీ భవిష్యత్తు మా బాధ్యత’ అంటుంది. పాత భాష బాగుందని నేను అనను. దానిలో దర్పం ఉంది, ఊరి పిల్లని గేటు దగ్గరే భయపెట్టే గుణం ఉంది. అది కూడా నీ వ్యాసంలో రావాలి.

ఇంగ్లీషు వాళ్లకి లేని పరికరం ఒకటి మనకుంది. వాళ్ల ‘వుయ్’లో మేమూ మనమూ కలిసిపోతాయి. తెలుగులో దాక్కోవడం కుదరదు. నేను దాచుకున్న ప్రకటనలు వెతికితే ‘మా క్యాంపస్’, ‘మా ప్లేస్‌మెంట్లు’, ‘మీ కల’ కనిపించాయి. ‘మనం’ దాదాపు లేదు. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ‘తేజస్వి నావధీతమస్తు’ అనే ఉపనిషద్వాక్యాన్ని తన ఆదర్శవాక్యంగా పెట్టుకుంది. ‘నావధీతం’లో కలిసిపోయిన ‘నౌ’ ద్వివచనం, ‘మనిద్దరి’ అని. గురువుదీ శిష్యుడిదీ, ఇద్దరి చదువూ వెలుగొందాలని. ఇవ్వడం, కొనుక్కోవడం అనే ఊహే ఆ వాక్యంలో లేదు. ఈ వాక్యాన్నీ ‘మీ భవిష్యత్తు మా బాధ్యత’నీ పక్కపక్కన పెట్టి ఒక పేజీ రాయి. నీకంటే ముందు ఎవరైనా రాశారేమో అని టెన్షన్ పడకు.

ఇక అంకెలు. ‘100% ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్’లో ఆ వంద శాతం అసిస్టెన్స్‌కి అతుక్కుని ఉంది, ఉద్యోగానికి కాదు. ‘హైయెస్ట్ ప్యాకేజ్’ ఒక్క విద్యార్థి జీతం. మిగతావాళ్ల సంగతి? జాతీయ ర్యాంకింగు ఎన్‌ఐఆర్‌ఎఫ్ తొలి జాబితా 2016లో వచ్చింది. దాని కోసం కాలేజీలు ఇచ్చే సమాచారంలో ఎంతమంది చేరారు, ఎంతమంది గడువులో పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, వాళ్ల మధ్యస్థ జీతం ఎంత అనేవి ఉంటాయి. మధ్యస్థ జీతం అంటే, ఉద్యోగం వచ్చినవాళ్లలో సగం మందికి అంత లేదా అంతకంటే తక్కువే వచ్చిందని. ఆ పట్టికని హోర్డింగు పక్కన పెట్టి చూపించు. ఆ తండ్రికి నేను ఇవ్వలేకపోయిన జవాబు చాలావరకు అక్కడుంది. మన పిల్లలు గుంపులుగా వెళ్తున్న బ్రిటన్‌లో కూడా 2017 నవంబరులో ప్రకటనల ప్రమాణాల సంస్థ 6 యూనివర్సిటీల గొప్పలు తప్పుదోవ పట్టిస్తున్నాయని తేల్చింది. ప్రపంచంలో తొలి 1 శాతంలో ఉన్నామన్న మాట వాటిలో ఒకటి. దేనిలో ఒక శాతం అన్న ప్రశ్న దగ్గర అది నిలబడలేదు.

మాటల్ని విప్పాక, అవి ఎందుకు పుట్టాయో కూడా చెప్పాలి. ప్రైవేటు యూనివర్సిటీల చట్టం ఆంధ్రప్రదేశ్‌లో 2016లో, తెలంగాణలో 2018లో వచ్చింది. సీట్లు నింపుకోవాల్సిన సంస్థకి ఇలాంటి భాష కావాల్సి వస్తుంది. ఆ భాష రాసేవాళ్లని కూడా కలువు. అడ్మిషన్ల సీజన్లో రోజంతా ఫోన్లు చేసే అమ్మాయి నీ వయసుదే అయి ఉంటుంది. ఆమె చేతికిచ్చిన కాగితంలో ఏ మాటలున్నాయో అడుగు. ఆమెని దోషిలా మాత్రం రాయకు.

వ్యాసం మొత్తం మార్చమనడం లేదు. మీ ఊరి బస్టాండు దగ్గర ఉన్న ఒక్క హోర్డింగు తీసుకో. దాని మీది ప్రతి మాటా రాసుకో, ఫోటోలో ఎవరున్నారో, ఎవరు లేరో రాసుకో. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కౌన్సెలింగు మొదలయ్యేలోపు పూర్తి చెయ్యి, ఆ రోజుల్లోనే అది ఎవరికైనా పనికొస్తుంది. రాశాక ముందు మీ నాన్నకి చదివి వినిపించు. ఆయన ఎక్కడ ఆపి ప్రశ్న అడిగారో గుర్తు పెట్టుకుని, ఆ గుర్తులతోనే నాకు పంపు.

ఆశీస్సులతో,
అన్నయ్య