చాంట్ అంటే పాడటమేనా?

ఇంగ్లిషు ‘చాంట్’కు నిఘంటువులో ‘పాడు’ అని ఉంటే, మంత్రానికీ నినాదానికీ కూడా ‘చాంట్’ అనే ఎందుకు వాడతారని ఒకరు అడిగారు. నల్గొండ దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో ఇంగ్లిషు చెబుతాను. ఏటా పిల్లలు ఈ మాట దగ్గరే ఆగిపోతారు.

ఒకసారి ఏడో తరగతిలో ఎంత చెప్పినా వాళ్ల ముఖాల్లో వెలుగు రాలేదు. అంతలో పక్క ప్రాథమిక పాఠశాల నుంచి ‘రెండొకట్లు రెండు, రెండు రెళ్లు నాలుగు’ అంటూ ఎక్కాలు వినిపించాయి. ముప్పై గొంతులు, ఒకటే లయ, ప్రతి వరుస చివరా అదే సాగదీత. ‘ఇదే చాంట్’ అన్నాను. తరగతంతా ఒక్కసారి తలెత్తింది. వెంటనే ఒక అమ్మాయి అడిగింది: ‘సార్, మరి బతుకమ్మ?’ అది సింగ్. పూర్తి వరుస ఉన్న పాట అది. మన్యంకొండ మెట్లెక్కుతూ ఒకరు ‘ఏడుకొండలవాడా’ అంటే వెనక అందరూ ‘గోవిందా’ అంటారే, అది చాంట్.

లాటిన్‌లో ‘కానెరె’ అంటే పాడటం. దాని నుంచే ‘కాంతారె’ వచ్చింది. అది ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దంలో ఇంగ్లిషులో చేరింది. ఫ్రెంచివాళ్లకు నేటికీ మామూలు పాటకు కూడా అదే క్రియ. ఇంగ్లిషులో మాత్రం ఆ పనికి సొంత మాట ‘సింగ్’ ముందే ఉంది. అందుకే, నాకు తోచినంతలో, చాంట్ చర్చి ప్రార్థనల వైపు, ఒకే స్వరంలో పదేపదే పలకడం వైపు ఒరిగింది. గుంపు నినాదాలూ ఆ దారినే వచ్చాయి.

‘ఎన్‌చాంట్’ కూడా ఈ కుటుంబమే: మంత్రం చదివి వశపరచుకోవడం. మనం ‘మంత్రముగ్ధులయ్యాం’ అనడం లేదూ! యాస అనే అర్థమున్న ‘యాక్సెంట్’లోనూ ఉన్నది ఆ లాటిన్ పాటే.

కాబట్టి అనువాదంలో అన్నిచోట్లా ‘పాడారు’ అని రాయకండి, దయచేసి. మంత్రాన్ని జపిస్తారు, వేదాన్ని వల్లిస్తారు, ఊరేగింపులో నినదిస్తారు. తెలుగులో ఇన్ని మాటలుండగా ఒక్కదానితో సరిపెట్టడం నాకు బాధగా ఉంటుంది.

మా పిల్లలకు బాగా నచ్చింది మరొకటి. కోడిపెట్టను పిలిచే ‘హెన్’ కూడా ‘కానెరె’కు మూలమైన ప్రాచీన ధాతువు నుంచి వచ్చిందే. పాత ఇంగ్లిషులో పుంజు పేరు ‘హన’, అంటే పాడేది. తెల్లారి కోడి కూయగానే ఆ మాటే గుర్తొస్తోందని మర్నాడు ఇద్దరు ముగ్గురు వచ్చి చెప్పారు.