అమీన్ ఎక్కించాక ఎంఓఎఫ్ కార్బన్ డయాక్సైడ్‌ని ఇంకా తక్కువ పట్టుకుంటోంది, ఎందుకు?

ఎంఓఎఫ్ అంటే లోహాన్ని లింకర్ అనే సేంద్రియ అణువులతో కలిపి కట్టిన, సన్నని రంధ్రాలున్న పదార్థం. వాటిలో మెగ్నీషియం ఎంఓఎఫ్-74 తేమ తగలగానే చతికిలపడటం మామూలే. లోపల ఖాళీగా ఉన్న మెగ్నీషియం దగ్గర కార్బన్ డయాక్సైడ్ కన్నా ముందే నీళ్లు తిష్ఠ వేస్తాయి. దానికి విరుగుడుగా మీరు ఇథిలీన్‌డైఅమీన్ (కార్బన్ డయాక్సైడ్‌ని పట్టే నైట్రోజన్ గుంపులు రెండున్న అమీన్) ఎక్కించారు. కానీ ఆ రంధ్రం వెడల్పు సుమారు 11 ఆంగ్‌స్ట్రామ్‌లే. గుమ్మంలోనే అమీన్ అడ్డుపడితే గ్యాస్ లోపలికి పోయే దారి ఉండదు.

అమీన్ కన్నా ముందు లింకర్‌ని మార్చండి. రెండు బెంజీన్ వలయాలున్న డీఓబీపీడీసీ అనే పొడవాటి లింకర్ వాడితే రంధ్రం 18 ఆంగ్‌స్ట్రామ్‌ల దాకా వస్తుంది. 2012లో బర్క్‌లీలోని జెఫ్రీ లాంగ్ బృందం దీనికి ఎన్,ఎన్′-డైమిథైల్‌ఇథిలీన్‌డైఅమీన్ ఎక్కిస్తే, 25 డిగ్రీల దగ్గర 0.39 మిల్లీబార్‌కే, అంటే అప్పట్లో మామూలు గాలిలో ఉన్న మోతాదుకే, గ్రాముకు 2 మిల్లీమోల్ పట్టింది.

చాలామంది దెబ్బతినేది డీఎంఎఫ్ దగ్గర, అంటే ఎంఓఎఫ్ తయారీలో వాడే ద్రావకం దగ్గర. అది మెగ్నీషియాన్ని వదలకపోతే అమీన్‌కి చోటుండదు. 60 డిగ్రీల మెథనాల్‌లో నానబెట్టి, రోజుకోసారి మారుస్తూ కనీసం మూడు రోజులు కడగండి. తర్వాత కొద్దిగా తీసి డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) ఉన్న ఆమ్లం, డీఎంఎస్‌ఓ ద్రావకాల్లో కరిగించి, ఏ అణువు ఎంతుందో చూపే ఎన్ఎంఆర్ తీయండి. డీఎంఎఫ్‌ది 7.95 పీపీఎం దగ్గరి శిఖరం లింకర్ శిఖరాలతో కలిసిపోతుంది కాబట్టి, 2.73, 2.89 దగ్గరి మిథైల్ శిఖరాలు పోయాయా లేదా చూడండి. ఈ పరీక్ష అమీన్ ఎక్కించక ముందే చెయ్యాలి.

మెథనాల్ తడి ఆరకముందే పొడిని వడకట్టి, నీళ్లులేని టోలుయీన్‌తో కడిగి, టోలుయీన్‌లో 20 శాతం ఆ డైమిథైల్ డైఅమీన్ కలిపిన ద్రావణంలో నైట్రోజన్ కింద రాత్రంతా ఉంచండి. మళ్లీ టోలుయీన్‌తో కడిగి, నైట్రోజన్ ప్రవాహంలో మెల్లగా వేడి చెయ్యండి. వేడి ఎక్కువైతే డైఅమీన్ కూడా ఎగిరిపోతుంది. మళ్లీ ఎన్ఎంఆర్‌లో లింకర్ ఒకటికి డైఅమీన్ రెండు రావాలి. రెండు దాటితే మిగతాది రంధ్రంలో ఊరికే పడి ఉన్నట్టు. సరిగ్గా రెండుంటే లెక్క ప్రకారం గ్రాముకు 4.04 మిల్లీమోల్ కార్బన్ డయాక్సైడ్, అంటే 178 మిల్లీగ్రాములు. చేతికి అంతకన్నా తక్కువే వస్తుంది. బీఈటీ ఉపరితలం (రంధ్రాల లోపలి వైశాల్యం) బాగా పడిపోయిందని కంగారుపడకండి, ఇక్కడ అది కొలమానమే కాదు.

ఐసోథెర్మ్ (ఒకే ఉష్ణోగ్రతలో పీడనం పెంచుతూ ఎంత పట్టిందో చూపే గీత) మెట్టులా వస్తుంది. మెగ్నీషియం-నైట్రోజన్ బంధం మధ్యకి కార్బన్ డయాక్సైడ్ దూరి అమోనియం కార్బమేట్ గొలుసు కడుతుంది, ఒకటి దూరాక పక్కవి వరసగా తయారవుతాయి. మెట్టు దగ్గర ఈ చర్య నెమ్మది. ఈక్విలిబ్రేషన్ ఇంటర్వెల్ (ఒక్కో పాయింట్ దగ్గర పీడనం నిలకడకి వచ్చిందా అని ఆగి చూసే వ్యవధి) పెంచకపోతే యంత్రం తొందరపడి పాయింట్ నమోదు చేసి, మెట్టుని కుడికి జరిపి చూపిస్తుంది.

మీ గ్యాస్ బొగ్గు ప్లాంట్‌ది, అందులో కార్బన్ డయాక్సైడ్ సుమారు 15 శాతం అయితే ఈ డైఅమీన్ పట్టు మరీ గట్టిది. శుద్ధ కార్బన్ డయాక్సైడ్‌లో వదిలించాలంటే 150 డిగ్రీల దాకా పోవాలి. దాని బదులు 2,2-డైమిథైల్-1,3-డైఅమినోప్రొపేన్ ఎక్కించండి. 40 డిగ్రీల్లో పట్టి 100 డిగ్రీలకే వదులుతుంది.

తడి గ్యాస్ పరీక్షకి మాత్రం టీజీఏ (పొడి బరువులో మార్పుని కొలిచే యంత్రం) ఒక్కటే నమ్మొద్దు. అది నీళ్ల బరువు కూడా కలిపే చూపిస్తుంది. బ్రేక్‌త్రూ పరీక్ష (పొడి నింపిన గొట్టంలోంచి గ్యాస్ పంపి, ఏది ఎప్పుడు బయటపడుతుందో చూడటం) పెట్టి, చివర ఏ గ్యాస్ ఎంతుందో చెప్పే మాస్ స్పెక్ట్రోమీటర్ తగిలించండి.